అడుగున ఇరవై నాలుగు స్క్రూలు

ముందే చెప్పేస్తున్నాను, మా తోడల్లుడంటే నాకు కుళ్లు. అసూయ అనీ ఈర్ష్య అనీ మర్యాదగా చెప్పుకునే రకం కాదు, అచ్చమైన కుళ్లు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. నోరారా "అన్నయ్యా" అని పిలుస్తాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక్క చెడ్డమాట అనలేదు, అదొక బాధ. ఒక్కసారైనా పొగరుగా మాట్లాడితే తిట్టుకోవడానికి ఓ సాకైనా దొరికేది కదా.

నేను బస్సు డిపోలో టైంకీపర్ని. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి తిరిగొచ్చింది రాసుకోవడం నా పని. రోజంతా కళ్లముందు అన్నీ కదులుతూనే ఉంటాయి, సాయంత్రానికి నా చేత్తో చేశానని చూపించడానికి ఒక్కటీ ఉండదు. అందుకే చెక్కపని పట్టుకున్నానేమో. పన్నెండేళ్ల కిందట ఇంట్లో కుర్చీ కాలు విరిగితే, డిపో వెనక వీధిలో ఉన్న వడ్రంగి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బాగుచేస్తుంటే చూస్తూ నిలబడిపోయి డ్యూటీకి అరగంట ఆలస్యంగా వెళ్లాను. టైంకీపరే ఆలస్యం! మర్నాడు మళ్లీ వెళ్లాను. "ఊరికే నిలబడకపోతే ఆ పలక చివర పట్టుకోవచ్చుగా," అని విసుక్కున్నాడు మేస్త్రి. పట్టుకున్నాను. అంతే, ఇప్పటిదాకా వదల్లేదు.

మా ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. అందులో నా స్కూటరూ, బట్టలుతికే మిషనూ పోను మిగిలిన మూల నాది. ఆదివారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాకు అనుమతి. ఆ టైము పెట్టింది మా ఆవిడ. డిపో టైమన్నా అటూ ఇటూ అవుతుందిగానీ ఇది కాదు. తొమ్మిదికి ముందు రంపం మోగితే పక్కింటాయన గోడమీంచి తొంగిచూస్తాడు. పన్నెండు దాటితే ఆరేసిన బట్టల మీద పొట్టు పడిందని ఇంట్లో గొడవ. అమ్మాయికి పరీక్షలొస్తే ఆ మూడు గంటలూ బంద్. ఆదివారం డ్యూటీ పడిందంటే ఆ వారమంతా నన్ను ఎవరూ పలకరించకపోవడమే మంచిది.

నాకున్నవి నాలుగు క్లాంపులు, అంటే జిగురుపెట్టిన చెక్కలు ఆరేదాకా బిగించి ఉంచే ఇనప పట్లు. నాలుగూ చాలకపోతే పాత సైకిల్ ట్యూబు కోసి గట్టిగా చుడతాను. జుట్టులో పొట్టుతో డ్యూటీకి వెళ్తానని డిపోలో నన్ను "పుల్లల మాస్టారు" అంటారు. పన్నెండేళ్లలో మాస్టారు పూర్తిచేసినవి రెండు స్టూళ్లు, ఓ పుస్తకాల అర, ఓ టీపాయ్, మా అమ్మాయి చదువుకునే బల్ల. ఆ బల్లకి ఒక కాలు కింద ఇప్పటికీ మడతపెట్టిన అట్టముక్క ఉంది.

ఇక మా వాడి, అదే మా తోడల్లుడి సంగతి. కంప్యూటర్ ఉద్యోగం, అదీ ఇంట్లో కూర్చుని చేసేది. ఆరేళ్ల కిందట ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, నేను చిత్రిక పడుతుంటే షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. చుట్టలు చుట్టుకుని రాలుతున్న పొట్టు కాస్త చేతిలోకి తీసుకుని వాసన చూసి, "అన్నయ్యా, నాక్కూడా నేర్పుతారా?" అన్నాడు.

నన్నెవరైనా అంత ఇష్టంగా ఓ మాట అడిగి ఎన్నేళ్లైందో! పొంగిపోయాను. ఉలి ఎలా పట్టాలి, చెక్కలో పొర ఎటు పోతోందో ఎలా చూడాలి, రంపం వంకర పోతుంటే ఏం చెయ్యాలి, తెలిసిందంతా చెప్పాను. వాడు చిన్న పెట్టె చేసినా, ఆఖరికి ఫోను నిలబెట్టుకునే చెక్కముక్క చేసినా పట్టుకొచ్చి, "ఎలా ఉందన్నయ్యా?" అనేవాడు. నేను కళ్లజోడు సర్దుకుని, అంచులన్నీ వేలితో తడిమి, కాసేపు ఊరించి, "ఫరవాలేదు, ఇదుగో ఇక్కడే కొంచెం..." అనేవాణ్ణి. ఆ క్షణాన డిపో మేనేజరు కూడా నాముందు దిగదుడుపే.

ఏకై వచ్చినవాడు మేకై కూర్చున్నాడు. రెండేళ్లు తిరక్కుండా ఇంట్లో కారుపెట్టే గది ఖాళీచేసి వర్కుషాపు పెట్టాడు. రంపం మిషను, చిత్రిక పట్టే మిషను, పొట్టు రేగకుండా ఎప్పటికప్పుడు పీల్చేసే గొట్టం. గోడకి క్లాంపులు, పొట్టి వాటి నుంచి పొడుగు వాటి దాకా వరసగా పదహారు. లెక్కపెట్టాను, ఒకసారి కాదు, రెండుసార్లు. మా మరదలు గ్లాసుతో చల్లగా ఏదో తెచ్చి అక్కడ పెట్టి, "ఎంతసేపైనా చేసుకోండి, భోజనం మళ్లీ వేడిచేస్తాలే," అంది. ఎంతసేపైనా! ఆ మాట మా ఇంట్లో నేను నూరు జన్మలెత్తినా వినను.

"అన్ని మిషన్లుంటే ఎవడైనా చేస్తాడు," అన్నాను దారిలో మా ఆవిడతో.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో," అంది ఆవిడ.

అసలు గొడవంతా మా అత్తగారి భోజనం బల్లతో వచ్చింది. ఆవిడ మా ఇంటికి రెండు వీధుల అవతల మేడ మీద రెండు గదుల్లో ఉంటుంది. కుట్టుపని నేర్పుతుంది, ఎప్పుడు వెళ్లినా మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది. మేం ముగ్గురం, వాళ్లు నలుగురు, ఆవిడ కలిస్తే ఎనిమిదిమందిమి. అందరం చేరినప్పుడు రెండు పంక్తులుగా తినాలి. పిల్లలు మంచం మీద, మేం ఒళ్లో పళ్లెం పెట్టుకుని, ఆవిడ చిట్టచివర వంటగట్టు దగ్గర నిలబడి. ఒకసారి ఎవరితోనో అన్నట్టు, "ఎనిమిదిమందీ ఒక్కసారే కూర్చుంటే చూడాలని నాకో పిచ్చి కోరిక," అంది.

"నేను చేసిపెడతా అత్తయ్యా," అన్నాను వెంటనే.

అది మూడేళ్ల కిందటి మాట. పలకలు కూడా తెచ్చాను. షెడ్డులో చోటులేక మా మంచం కింద తోశాను. మొదటి ఏడాది ఆదివారం డ్యూటీలు. రెండో ఏడాది అమ్మాయి పరీక్షలు. మూడో ఏడాది ఏమైందో నాకే గుర్తులేదు. మా ఆవిడ పక్క దులిపినప్పుడల్లా ఆ పలకలు మోకాలికి తగిలి, "మా అమ్మ బల్ల నా కాళ్లు విరగ్గొట్టేలా ఉంది," అనేది. అత్తగారు మాత్రం ఒక్కసారీ గుర్తుచెయ్యలేదు.

పోయిన వానాకాలంలో మా వాడు చేసేశాడు. నలభై రోజుల్లో! నాకు ముందు చెప్పను కూడా లేదు. "మీరు పనుల్లో ఉన్నారని వదిన అందన్నయ్యా. అందుకే నేనే..." అన్నాడు తర్వాత, తప్పు చేసినవాడిలా.

ఏడడుగుల పొడవు, మూడున్నర వెడల్పు. పలకకీ పలకకీ మధ్య అతుకు ఎక్కడుందో కళ్లజోడు పెట్టుకున్నా కనపడలేదు. ఆ రోజు ఎనిమిదిమందిమీ ఒక్కసారే కూర్చున్నాం. అత్తగారు కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది, బల్లని అరచేత్తో రాస్తూ, "ఎంత నున్నగా చేశావు బాబూ," అని కళ్లు ఒత్తుకుంది. మా ఆవిడ మాత్రం నావైపు ఒక్క చూపు చూసిందంతే. ఆ చూపు దాటి నాకు ముద్ద దిగలేదు. కళ్లలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు.

చెంచా కింద పడేసి, తీసుకునే వంకన బల్ల కిందకి దూరాను. వెతికేవాడికి ఎక్కడో ఒకచోట వంక దొరక్కపోతుందా అని నా ఆశ. దొరికింది.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. చెక్క చచ్చినా ఊపిరి మానదంటాడు మా మేస్త్రి. వానల్లో తేమ పీల్చి వెడల్పుగా ఉబ్బుతుంది, ఎండల్లో ఆరి లోపలికి ముడుచుకుంటుంది. అందుకని అంత వెడల్పు పలకని కింద అడ్డబద్దలకి బిగించేటప్పుడు, బద్దల్లో స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా కాస్త పొడుగ్గా తొలవాలి. అప్పుడు పలక కదలడానికి సందుంటుంది. మా వాడు నాలుగు అడ్డబద్దలు వేశాడు, ఒక్కోదానికి ఆరేసి స్క్రూలు, మొత్తం ఇరవై నాలుగు, అన్నీ గుండ్రటి రంధ్రాల్లో కదలకుండా బిగించేశాడు. అదీ వానాకాలంలో, చెక్క బాగా ఉబ్బి ఉన్నప్పుడు. ఎండలు ముదిరితే ఈ బల్ల నిలువునా పగులుతుంది. నాకు తెలుసు. ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

నెత్తిన పాలు పోసినట్టైంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చెంచా చేత్తో పట్టుకుని ఆ కిందే కాసేపు కూర్చున్నాను.

పైకి లేచేసరికి మా వాడు నాకోసమే చూస్తున్నాడు. "ఎలా ఉందన్నయ్యా? మీరు చూసి చెప్పేదాకా నాకు మనసు కుదుటపడదు. ఏదైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే సరిచేస్తాను."

స్క్రూలు విప్పి రంధ్రాలు సాగదీస్తే పూటలో అయ్యే పని. నోటిదాకా వచ్చింది. మళ్లీ మా ఆవిడ చూపు గుర్తొచ్చింది.

"వంక పెట్టడానికి లేదయ్యా," అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత నెలలన్నీ నేను ఎండల కోసం ఎదురుచూశాను. అందరూ ఉక్కపోతంటే నాకు హాయి. అత్తగారింటికి వెళ్లే పని లేకపోయినా కల్పించుకుని వెళ్లి, ఆవిడ లోపలికెళ్లగానే వంగి అడుగున చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. రెండుసార్లు మా వాడికి చెప్పేద్దామని ఫోను తీశాను. ఒకసారి రింగయ్యాక పెట్టేశాను. వెంటనే వాడే చేసి, "ఏంటన్నయ్యా?" అన్నాడు. "ఏం లేదు, చెయ్యి తగిలింది," అన్నాను.

ఎండలు మండిపోతున్న ఒక రోజు డిపోకి అత్తగారి ఫోను. "బాబూ, మీరొక్కరే రండి. అమ్మాయిలకి చెప్పకండి, చిన్నబాబుకి అసలే చెప్పకండి."

చిన్నబాబంటే మా వాడే. గొంతు వినగానే అర్థమైంది. డ్యూటీ దిగి స్కూటరు మీద వెళ్తూ, నిజం చెప్పాలంటే, ఈల వేశాను.

బల్ల మీద దుప్పటి కప్పి ఉంది. ఆవిడ మెల్లగా తీసింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పగులు. పెన్సిల్ దూరేంత. ఇన్ని నెలలు కాచుకున్నదాన్ని తృప్తిగా చూద్దామని వంగాను.

"నా వల్లే బాబూ," అంది అత్తగారు. "మెరుస్తూ ఉండాలని రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచాను. నీళ్లకే ఇలా అయ్యుంటుంది. పిల్లాడు నలభై రోజులు కష్టపడి చేసిన వస్తువు, నా చేతులారా పాడుచేశాను. వాడికి తెలిస్తే ఎంత బాధపడతాడో! వారం నుంచి దుప్పటి కప్పి ఉంచా. ఎవరొస్తామన్నా ఏదో ఒకటి చెప్పి మానిపిస్తున్నా."

వంటగట్టు మీద ఆవిడ పళ్లెం ఉంది, సగం తిన్నది. మళ్లీ నిలబడే తింటోందన్నమాట.

"మీరైతే గుట్టుచప్పుడు కాకుండా బాగుచేస్తారని పిలిచాను," అంది. "మీకు దీని మీద ఎంత ప్రాణమో నాకు తెలియదా? వచ్చినప్పుడల్లా వంగి అడుగున తడిమి చూసుకుని వెళ్లేవారు. నేను లోపల్నుంచి చూస్తూనే ఉన్నాను. మూడేళ్ల కిందట చేస్తానన్నది తమ్ముడు చేసినా, పెద్దబాబుకి పిసరంత కూడా కుళ్లు లేదు చూడమని చిన్నదానితో కూడా అన్నాను."

నేను బల్ల కిందకి దూరాను. అక్కడైతే నా మొహం ఆవిడకి కనపడదు.

పొట్టులో జిగురు కలిపి పగుల్లో కూరి, పైన గరుకు కాగితంతో రుద్దేస్తే గంట పని. ఎవరికీ తెలియదు. మళ్లీ ఎండలొచ్చేదాకా అంతా బాగానే ఉంటుంది. నేను తెలిసీ ఊరుకున్నానన్నదీ ఎవరికీ తెలియదు. చాలాసేపు అదే చేద్దామనుకున్నాను. కానీ వచ్చే ఏడు మళ్లీ పగులుతుంది, ఈవిడ మళ్లీ తడిగుడ్డ అనుకుంటుంది. సరిగ్గా బాగుచెయ్యాలంటే మూడున్నర అడుగులు పట్టే క్లాంపులు కావాలి. నావి చాలవు. అవి వాడి గోడకే ఉన్నాయి.

బయటికొచ్చి, "అత్తయ్యా, తడిగుడ్డ వల్ల కాదు. మీ తప్పు ఇందులో ఆవగింజంత లేదు," అని, మా వాడికి ఫోను చేశాను.

అరగంటలో వచ్చాడు. పగులు చూశాడు. తన చేత్తోనే ఆ పొడవునా తడిమి, నావైపు తిరిగి, "ఎక్కడ తప్పు చేశానన్నయ్యా?" అన్నాడు.

ఇద్దరం కింద వెల్లకిలా పడుకున్నాం. రంధ్రాలు చూపించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయ్యో! మీ ఇంట్లో టీపాయ్ అడుగున ఇలాగే బిగించి ఉంటే చూసి, ఇదే పద్ధతనుకున్నాను," అన్నాడు.

"దాని పైది ప్లైవుడ్డయ్యా. ప్లైవుడ్డు ముడుచుకోదు."

"ఓహో." కాసేపు ఒక్కో స్క్రూ విప్పుతూ ఉన్నాడు. విప్పుతున్నకొద్దీ పగులు దానంతటదే దగ్గరకొస్తోంది. పదో స్క్రూ దగ్గర చెయ్యి ఆగింది. "అన్నయ్యా, ఆ రోజు మీరు కిందకి దూరింది చెంచా కోసం కాదు కదా?"

అబద్ధం నాలిక చివర సిద్ధంగానే ఉంది. పక్కనే వాడి మొహం జానెడు దూరంలో ఉంది.

"కాదు," అన్నాను.

"చూశారా మరి?"

"చూశాను."

"నేను అడిగాను కూడా."

"అడిగావు. కుళ్లయ్యా నాకు. నువ్వు చేశావు, నేను చెయ్యలేకపోయాను. అంతకన్నా ఇంకేం లేదు."

వాడు తిట్టలేదు. తిట్టుంటే బావుండేది. మిగిలిన పద్నాలుగు స్క్రూలూ విప్పాడు. వెళ్లి క్లాంపులు తెచ్చాడు, ఆరు, పొడుగువి. జిగురు పెట్టి బిగించాం. మర్నాడు నేను సెలవు పెట్టి రంధ్రాలు పొడుగ్గా తొలిచాను, వాడు స్క్రూలు వేశాడు. "ఇటు పట్టుకోండి", "కాస్త జరపండి", ఇవే మాటలు.

ఆ ఆదివారం మళ్లీ ఎనిమిదిమందిమీ కూర్చున్నాం. "పగులేదీ? ఎక్కడుందో కనిపెట్టండి చూద్దాం!" అని మనవల్ని సవాలు చేసింది అత్తగారు. అప్పుడు మా వాడు, "అంతా అన్నయ్యే చేశారత్తయ్యా," అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. మూడేళ్లుగా నేను మొహం వాచిపోయిన చూపు అది. మా వాడు పళ్లెంలోకి చూసుకుంటూ తిన్నాడు. నేనూ అంతే.

రాకపోకలేం ఆగలేదు. "అన్నయ్యా" అనే పిలుస్తాడు, మర్యాదకి ఏ లోటూ లేదు. మొన్న వాళ్లింటికెళ్తే వర్కుషాపులో కొత్త కుర్చీ ఉంది. వెనక్కి వంగిన వీపు, చేతులు పెట్టుకునే చోట చక్కటి ఒంపు. కాళ్ల జాయింట్లు చూశాను, అడుగున చూశాను. వాడు గొట్టంతో పొట్టు ఎత్తుతూనే ఉన్నాడు. మిషను ఆపాడు. ఇప్పుడు అడుగుతాడనుకుని కళ్లజోడు సర్దుకున్నాను.

"పదండన్నయ్యా, టీ చల్లారిపోతుంది," అన్నాడు.

ఇవాళ పొద్దున డిపో వెనకనుంచి వస్తుంటే మేస్త్రి పిలిచాడు. "మీ తోడల్లుడు భలేవాడయ్యా. ఈమధ్య ఏది చేసినా ఫోటో తెచ్చి నాకు చూపించి, ఎలా ఉంది మేస్త్రీ అని అడుగుతాడు."

అలాగా అని నవ్వాను. పన్నెండేళ్లుగా నాకు దేవుడిలాంటి మనిషి, ఆ ముసలాయన మీద ఇంత కడుపుమంట పుడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.